స్పీడ్ టెస్టులో వంద, పేజీ మాత్రం తిరుగుతూనే: పర్లాకిమిడిలో మా ఫైబర్ కనెక్షన్ రివ్యూ

పర్లాకిమిడిలో కొత్తగా ఫైబర్ పెట్టించుకుందామనుకునే వాళ్ల కోసం, ఇప్పటికే పెట్టించుకుని "నెట్ ఉంది, పేజీ మాత్రం రావట్లేదు" అని తల పట్టుకుంటున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి చిన్న ప్రొవైడర్లు గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లో చాలామంది ఉన్నారు, ఈ లోపం వాళ్లలో ఎవరి దగ్గరైనా ఉండొచ్చు, కాబట్టి పేరు కంటే లోపం ఎలా ఉంటుందో తెలిస్తేనే మీకు ఉపయోగం.

ముందు నా తీర్పు చెప్పేస్తాను. వైరు పని బాగుంది, మనుషులు మంచివాళ్లు, స్పీడు చెప్పినంతా వస్తుంది. కానీ ఐపీవీ6 అనేదాన్ని (ఇంటర్నెట్ అడ్రస్‌ల కొత్త పద్ధతి, కింద వివరంగా చెబుతాను) సగం సగం పెట్టి వదిలేశారు, దానివల్ల మామూలు వెబ్ పేజీ తెరుచుకోవడానికే ఒక్కోసారి పది, ఇరవై సెకన్లు పడుతుంది. 5కి 3 ఇస్తున్నాను. ఆ ఒక్కటీ సరిచేస్తే 4న్నర ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు.

నేను బజారులో ఆన్‌లైన్ సెంటరు నడుపుతాను. ఒడిశా కులం సర్టిఫికెట్లు, రేషన్ కార్డు పనులు, పిల్లల పరీక్ష ఫారాలు, విశాఖకి రైలు టికెట్లు, నది దాటి పాతపట్నం నుంచి వచ్చే వాళ్లకి ఆంధ్రా వైపు పనులు, అన్నీ ఇక్కడే. రెండు రాష్ట్రాల సైట్లూ రోజంతా తెరిచి ఉండాలి. తత్కాల్ టికెట్లు ఏసీకి ఉదయం 10కి, స్లీపర్‌కి 11కి మొదలవుతాయి, ఆ నిమిషంలో ఆగిన పది సెకన్లు అంటే వెయిటింగ్ లిస్టే. అందుకే వంద ఎంబీపీఎస్ ప్లాను తీసుకున్నాను. ఇంట్లో సినిమాలు చూసేవాళ్లకి ఇంత టెన్షన్ ఉండదు, వాళ్లకి ఈ లోపం చాలారోజులు కనబడకపోవచ్చు కూడా. ఎందుకు కనబడదో కింద చెబుతాను, అసలు విషయం అక్కడే ఉంది.

పెట్టడం గురించి ఎక్కువ రాయనక్కర్లేదు. ఫోన్ చేసిన మర్నాడే వచ్చారు. స్తంభం నుంచి షాపు దాకా వైరు నీటుగా లాగారు, గోడకి క్లిప్పులు కొట్టారు, రూటర్ బాక్సు ఇన్వర్టర్ లైనుకే కలిపారు. వచ్చిన కుర్రాడు ఒరియా వాడే అయినా తెలుగు మనలాగే మాట్లాడతాడు. వర్షాల్లో లైను తెగినా అదే రోజు వచ్చి అతికించి వెళ్లారు. ఇంతవరకు ఎక్కడా వంక పెట్టలేను.

ఇక బాధ దగ్గరికి వస్తాను. కొన్ని సైట్లు టక్కున వస్తాయి. కొన్ని మాత్రం పైన గుండ్రంగా తిరుగుతూ, కింద సెక్యూర్ కనెక్షన్ పెడుతున్నాను అన్నట్టు చూపిస్తూ అక్కడే ఆగిపోతాయి, తర్వాత ఉన్నట్టుండి మొత్తం పేజీ ఒక్కసారిగా వచ్చేస్తుంది. ఒకసారి వచ్చాక లోపల లింకులు బాగానే నడుస్తాయి, కాసేపు వదిలేసి మళ్లీ వెళితే మళ్లీ ఆగుడు. ఎదురుగా కూర్చున్న పెద్దాయన "ఏటి బాబూ, ఇంకా తిరుగుతోందా?" అని అడుగుతుంటే చెప్పడానికి మాట ఉండదు. సర్వర్ డౌన్ అందామంటే, అదే సైటు ఫోన్ డేటాలో వెంటనే వస్తోంది. నెట్ స్లో అందామంటే, పక్క కంప్యూటర్లో యూట్యూబ్ వీడియో ఎక్కడా ఆగకుండా ఆడుతోంది.

కస్టమర్ కేర్‌కి చేస్తే ప్రతిసారీ ఒకటే మాట, స్పీడ్ టెస్ట్ పెట్టండి అంటారు. పెడితే వందకి తొంభై ఎనిమిది వస్తుంది. "మా వైపు అంతా ఓకే సార్, మీ సిస్టమ్ చూపించుకోండి." కంప్యూటర్ బాగుచేసే అతనేమో "నెట్ ప్రాబ్లమ్ అన్నా" అంటాడు. మధ్యలో బ్రౌజర్ డిలీట్ చేసి మళ్లీ వేయడం, యాంటీవైరస్ తీసేయడం, డీఎన్ఎస్ మార్చడం, ఇలా డబ్బు, టైము రెండూ పోయాయి. స్పీడ్ టెస్ట్ చూపించేది ఒక కనెక్షన్ కుదిరాక అందులోంచి ఎంత డేటా పారుతుందో మాత్రమే. కనెక్షన్ కుదరడానికి ఎంతసేపు పట్టిందన్నది అందులో ఉండదు. నా బాధంతా అక్కడే ఉంటే వాళ్లు వందసార్లు స్పీడ్ టెస్ట్ పెట్టించినా ఏం దొరుకుతుంది?

ఇప్పుడు ఐపీవీ6 గురించి కొంచెం చెప్పాలి, తెలిసినవాళ్లు ఈ పేరా దాటేయండి. ఇంటర్నెట్‌లో ప్రతి పరికరానికీ ఒక అడ్రస్ నంబరు కావాలి. పాత పద్ధతి ఐపీవీ4లో మొత్తం కలిపి దాదాపు 430 కోట్ల అడ్రస్‌లే ఉన్నాయి, ప్రపంచం మొత్తానికి పంచే నిల్వ 2011 ఫిబ్రవరిలోనే అయిపోయింది. కొత్త పద్ధతి ఐపీవీ6లో అడ్రస్‌లకి కరువు లేదు. 2012 జూన్ 6 నుంచి గూగుల్, ఫేస్‌బుక్ లాంటి పెద్ద సైట్లు దాన్ని శాశ్వతంగా పెట్టేశాయి. మన దేశంలో జియో 2016లో మొదలైనప్పటి నుంచే దాని మీద నడుస్తోంది. ఇప్పుడు చాలా కనెక్షన్లలో పాతది, కొత్తది రెండూ కలిపి ఇస్తారు. రెండూ ఉన్నప్పుడు కంప్యూటర్ ముందు కొత్తదాంట్లోనే వెళ్లాలని చూస్తుంది. ఆ దారి ఉందని బాక్సు చెబుతూ, నిజానికి ఆ దారి సరిగ్గా పనిచేయకపోతే, మన పేజీ ఆగేది అక్కడే.

అందుకే పాత పద్ధతిలోనే ఉన్న చిన్న సైట్లు నా దగ్గర వెంటనే తెరుచుకునేవి, రెండు పద్ధతులూ పెట్టుకున్న సైట్లలో కొన్ని ఆగేవి. ఇది ఎవరికీ తట్టని విషయం, ఎందుకంటే మనం బాగా నడిచే సైటుని బట్టి నెట్ బాగుందని, ఆగే సైటుని బట్టి ఆ సైటు చెత్తదని అనుకుంటాం.

అయితే బ్రౌజర్లలో దీనికి ఒక విరుగుడు ఎప్పుడో పెట్టారు. బ్రౌజర్ ముందు కొత్త దారిలో సైటుకి కాల్ వేసి, అంటే కనెక్షన్ అడిగి, ఒక సెకనులో నాలుగో వంతు సేపు చూసి, జవాబు లేకపోతే పాత దారిలో కూడా కాల్ వేస్తుంది, ఏది ముందు కలిస్తే దాంతో పోతుంది. హ్యాపీ ఐబాల్స్ అని దాని పేరు. 2012లో ఒకసారి, 2017లో మెరుగుపరిచి ఇంకోసారి దాన్ని ప్రామాణికంగా రాశారు, ఆ రెండోదాంట్లో సూచించిన ఆగే సమయం 250 మిల్లీసెకన్లు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ అన్నిట్లో ఇలాంటిది ఉంది. మరి ఇది ఉండగా నా పేజీలు ఎందుకు ఆగాలి? కంపెనీ వాళ్లని నేను అడిగిన ప్రశ్న ఇదే. జవాబు వాళ్ల దగ్గర్నుంచి రాలేదు, ఇంజనీరింగ్ చదివిన మా తమ్ముడు సెలవుకి వచ్చినప్పుడు షాపులో కూర్చుని, నెట్‌లో డేటా వెళ్లే చిన్న చిన్న మూటల్ని, అంటే ప్యాకెట్లని, ఒక్కొక్కటీ పట్టి చూసే సాఫ్ట్‌వేర్ వేసి తేల్చాడు.

తేలింది ఏమిటంటే దారి పూర్తిగా మూసి లేదు. చిన్న ప్యాకెట్లు వెళ్తున్నాయి, వస్తున్నాయి. పెద్దవి మాత్రం మధ్యలో మాయమవుతున్నాయి. మామూలుగా ఒక ప్యాకెట్ 1500 బైట్ల దాకా ఉంటుంది. యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే మా లాంటి ఫైబర్ కనెక్షన్‌లో ఆ లాగిన్ పద్ధతి కోసం 8 బైట్లు పోతాయి, కాబట్టి 1492 మాత్రమే పడుతుంది. ఐపీవీ4లో అయితే మధ్యలో ఉన్న రూటర్ అవసరమైతే ప్యాకెట్‌ని ముక్కలు చేయొచ్చు. ఐపీవీ6లో మధ్య రూటర్లు ముక్కలు చేయకూడదు, "ఇది ఇక్కడ పట్టదు, ఇంత సైజులో పంపు" అని పంపినవాడికి తిరుగు కబురు పెట్టాలి. రైలు వంతెన కింద ఎత్తు పట్టని లారీని ఆపినవాడు, డ్రైవరుకి ఆ మాట చెప్పాలి కదా, చెప్పకుండా లారీని పక్కకి తోసేస్తే సరుకు పంపిన షావుకారికి ఏం తెలుస్తుంది? ఇక్కడ జరుగుతున్నది సరిగ్గా అదే. ఆ తిరుగు కబురు సర్వర్ దాకా చేరడం లేదు. సెక్యూరిటీ పేరుతో ఆ రకం సందేశాలన్నీ ఎక్కడో ఆపేసి ఉంటారని మా తమ్ముడి అంచనా. ఐపీవీ4 రోజుల్లో పింగ్‌లు (అవతలి పరికరం పలుకుతోందో లేదో చూసే సందేశాలు) ఆపేసినట్టు ఇక్కడా ఆపేస్తే ఐపీవీ6 కుంటుపడుతుంది, ఎందుకంటే దాని నడకే ఆ సందేశాల మీద ఆధారపడి ఉంది.

ఇప్పుడు బ్రౌజర్ ఎందుకు మోసపోయిందో అర్థమవుతుంది. కాల్ కలపడానికి వాడే ప్యాకెట్లు చిన్నవి, అవి చక్కగా వెళ్లి వచ్చాయి, కాబట్టి "కొత్త దారి బాగుంది" అని బ్రౌజర్ దాన్నే ఎంచుకుంది. ఆ తర్వాత సైటు, తాను అసలు సైటేనని చూపించే తన సెక్యూరిటీ సర్టిఫికెట్ పంపాలి, అది కొన్ని వేల బైట్లు ఉంటుంది, నిండు ప్యాకెట్లలో వస్తుంది, అవి దారిలో పోయాయి. సర్వర్ కాసేపు చూసి మళ్లీ పంపుతుంది, మళ్లీ పోతుంది, ప్రతిసారీ ఆగే సమయం రెట్టింపు చేసుకుంటూ పోతుంది. కొన్ని సర్వర్లు కొన్నిసార్లు చూశాక వాటంతట అవే సైజు తగ్గించి పంపుతాయి, అప్పుడు పేజీ ఒక్కసారిగా ఊడిపడుతుంది. అలా తగ్గించడం తెలియని సర్వర్లయితే ఎర్రర్ దాకా పోతుంది. "పేజీ కాసేపు ఆగి ఒక్కసారిగా వస్తుంది" అని నేను ఫోన్లో మొత్తుకున్నది ఇదే, ఆ లక్షణం వినగానే తెలిసినవాళ్లు పట్టేయాల్సింది.

యూట్యూబ్ ఎందుకు ఆడుతుందో కూడా ఇక్కడే తేలింది. క్రోమ్‌లో యూట్యూబ్ ఎక్కువగా క్విక్ అనే కొత్త పద్ధతిలో నడుస్తుంది, అందులో ప్యాకెట్లు మొదటి నుంచే 1492కి బాగా తక్కువ సైజులో కడతారు. కాబట్టి ఇరుకు దారిలోనూ హాయిగా పోతాయి. వీడియో ఆడుతోంది కదా అని నెట్ బాగుందని తేల్చేసే ప్రతి టెక్నీషియన్‌కీ ఈ సంగతి తెలియాలి. సినిమాలు చూసే ఇళ్లలో లోపం కనబడదని పైన అన్నది ఇందుకే.

ఇది ఒకటి. దీనితో కలిసి ఇంకో లోపం కూడా ఉంది, అందుకే పట్టుకోవడం ఇంత కష్టమైంది.

మా ఊళ్లో కరెంటు సంగతి చెప్పక్కర్లేదు. షాపులో ఇన్వర్టర్ ఉంది, బాక్సు, స్విచ్, కంప్యూటర్లు ఏవీ ఆగవు. కానీ కంపెనీ వాళ్ల పరికరం ఉన్న చోట కరెంటు పోయి బ్యాటరీ కూడా అయిపోతే మా లాగిన్ తెగుతుంది, తిరిగి కలిసినప్పుడు బాక్సుకి కొత్త ఐపీవీ6 అడ్రస్ వరుస ఇస్తారు. అప్పుడు బాక్సు లోపలి కంప్యూటర్లకి "పాతది ఇక వాడొద్దు" అని వెంటనే చెప్పాలి. ఇంటి రూటర్లు ఇలా చేసి తీరాలని 2013 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7084 అనే ఇంటర్నెట్ నియమాల పత్రంలో స్పష్టంగా రాసి ఉంది. కంపెనీ ఇచ్చిన ఈ బాక్సు చెప్పదు. కంప్యూటర్‌కి కొత్త అడ్రస్ వస్తుంది, పాతదీ ఉంటుంది, ప్రామాణికంలో డిఫాల్ట్ గడువులు చూస్తే పాతదాన్ని 7 రోజుల దాకా మామూలుగా, 30 రోజుల దాకా చెల్లుబాటుగా పెట్టుకోవచ్చు. పాత అడ్రస్‌తో బయటికి పంపిన దేనికీ జవాబు తిరిగి రాదు.

ఈ రెండో లోపంలో బ్రౌజర్ బాగానే గట్టెక్కుతుంది, అసలు కాల్ కలవదు కాబట్టి వెంటనే పాత దారికి మారిపోతుంది. ఇరుక్కునేది మిగతా సాఫ్ట్‌వేర్. షాపులో వేలిముద్ర పరికరంతో నడిచే ఒక ప్రోగ్రాం ఉంది, పాతకాలపు తీరులో రాసింది, దానికి బ్రౌజర్‌లోని ఈ ఉపాయం తెలియదు. ఒక దారి పూర్తిగా విఫలమయ్యాకే రెండోది చూస్తుంది. విండోస్‌లో మామూలుగా అలా విఫలమవడానికి 21 సెకన్లు పడుతుంది, లైనక్స్‌లో డిఫాల్ట్‌గా వదిలేస్తే రెండు నిమిషాలు దాటుతుంది. పింఛను డబ్బు కోసం వచ్చిన ముసలావిడ వేలు పెట్టి అలాగే కూర్చుని ఉంటుంది, ఈలోగా సెషన్ అయిపోయిందని మొదటి నుంచి మొదలు. వేలిముద్ర అరిగిపోయిందేమో అని ఆవిడ భయపడుతుంది. నాకు ఈ కంపెనీ మీద నిజంగా కోపం వచ్చింది ఇక్కడే. సినిమా ఆగితే పోనీ అనుకోవచ్చు, కూలి మానుకుని కాశీనగర్ నుంచి బస్సెక్కి వచ్చిన మనిషిని రెండు గంటలు కూర్చోబెట్టడం చిన్న విషయం కాదు.

ఇదంతా రాసుకుని, స్క్రీన్‌షాట్లు పెట్టి కంపెనీకి పంపితే వచ్చిన పరిష్కారం ఏమిటంటే, కుర్రాడు వచ్చి బాక్సులో ఐపీవీ6 ఆఫ్ చేశాడు. "ఇప్పుడు చూడండి అన్నా." నిజమే, అన్ని సైట్లూ వెంటనే వచ్చాయి. చాలా చోట్ల ఇంతటితో ఆపేస్తారు, ఇంటర్నెట్‌లో వెతికినా ఎక్కువమంది ఇచ్చే సలహా ఇదే. నేను ఒప్పుకోలేదు, ఎందుకో కూడా చెబుతాను. చిన్న కంపెనీల దగ్గర ఐపీవీ4 అడ్రస్‌లు కొద్దిగానే ఉంటాయి, ఒక్క అడ్రస్ వెనక బోలెడు ఇళ్లని పెడతారు. మీ బాక్సులో బయటి అడ్రస్ 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అంకెలతో మొదలైతే మీరు అలాంటి ఉమ్మడి అడ్రస్ వెనకే ఉన్నట్టు. అందులో ఎవరో చేసిన పనికి మీకు సైట్లు "మీరు మనిషేనా" అని బొమ్మలు చూపించి ప్రశ్నలు వేస్తాయి, షాపు సీసీ కెమెరాని బయటి నుంచి చూడటం కష్టమవుతుంది. ఐపీవీ6 వచ్చిందే ఈ బాధలు తీర్చడానికి. డబ్బు తీసుకుని ఇస్తున్న సర్వీసులో సగాన్ని ఆపేసి బాగుచేశాం అంటే ఎలా?

చివరికి భువనేశ్వర్‌లో వాళ్ల నెట్‌వర్క్ చూసే ఇంజనీరుతో మాట్లాడే వీలు దొరికింది. ఆయన మాత్రం చెప్పింది మొత్తం విన్నాడు, ఆ గౌరవం ఆయనకి ఇవ్వాలి. బాక్సు కంప్యూటర్లకి పంపే ప్రకటనలోనే సైజు 1492 అని చెప్పేలా మార్చాడు. దాంతో కంప్యూటరే ముందుగా సర్వర్‌కి "చిన్నవి పంపు" అని చెబుతుంది, తిరుగు కబురు అవసరమే రాదు. ఐపీవీ6 ఆన్‌లోనే ఉంది, పేజీలు ఆగడం పోయింది. పది నిమిషాల పని. ఇది మా బాక్సు ఒక్కదానికే చేశారు. మా వీధిలో ఇదే కంపెనీ తీసుకున్న మిగతా ఇళ్లలో పాత తంతే నడుస్తోంది, పక్కన మెడికల్ షాపు అతను ఇప్పటికీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్లని తిడుతున్నాడు. అందరికీ కలిపి ఒకేసారి మార్చే చోటు వాళ్ల ఆఫీసులోనే ఉంది. ఆ తిరుగు కబుర్లని వదిలేలా వాళ్ల ఫైర్‌వాల్ (ఏ సందేశాలు వదలాలో, ఏవి ఆపాలో చూసేది) మార్చడం కూడా వాళ్ల చేతిలోదే. అడ్రస్ వరుస మారే రెండో లోపం మాకు ఇంకా ఉంది, కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్ నెట్ వైరు ఒకసారి పీకి పెడితే సర్దుకుంటోంది. ఒక కస్టమర్‌కి ఎప్పుడూ ఒకే వరుస ఇస్తే ఆ గొడవే ఉండదు, ఐపీవీ6లో వరుసలకి కొరత లేదు కాబట్టి ఇవ్వలేమనడానికి కారణం కూడా లేదు.

మీ ఇంట్లో ఇదే ఉందేమో చూసుకోవాలంటే, టెస్ట్ హైఫన్ ఐపీవీ6 డాట్ కామ్ అనే సైటు తెరవండి. ఉచితం. అందులో రకరకాల పరీక్షలు వరుసగా నడుస్తాయి, పెద్ద ప్యాకెట్ల పరీక్ష విడిగా ఉంటుంది, అది ఒక్కటే ఆగిపోతే మాకు వచ్చిన మొదటి లోపమే. ఐపీవీ6 పరీక్షలన్నీ పోతే దారే చచ్చి ఉంది. అసలు ఐపీవీ6 లేదంటే మీ ఆలస్యానికి కారణం వేరే చోట వెతకాలి. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి అదే కంప్యూటర్లో అదే సైటు తెరిచి పోల్చుకోవడం కూడా మంచిది, అందులో వెంటనే వస్తే కంప్యూటర్‌కి డబ్బు ఖర్చు పెట్టకండి.

ఈ కంపెనీ కనెక్షన్ వద్దని నేను చెప్పను. మా వైపు ఇంతకంటే త్వరగా వచ్చి లైను బాగుచేసే వాళ్లు నాకు కనబడలేదు. షాపు పెట్టుకున్న వాళ్లు, ఇంటి నుంచి ఆఫీసు పని చేసేవాళ్లు మాత్రం పెట్టించుకున్న రోజే, కుర్రాడు ఇంకా అక్కడ ఉండగానే పై పరీక్ష చేయించండి. ఫోన్ చేసినప్పుడు "నెట్ స్లో" అనకండి, ఆ మాటకి స్పీడ్ టెస్టే మందు. "ఐపీవీ6లో పెద్ద ప్యాకెట్లు రావట్లేదు, 1492 పెట్టండి" అని చెప్పి డాకెట్ నంబరు అడిగి రాసుకోండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనలు మీ కంపెనీకి వర్తిస్తే ఫిర్యాదుకి ఆ నంబరు ఇవ్వాలి, పరిష్కారం నచ్చకపోతే అదే కంపెనీలో అప్పీలు చూసే అధికారికి పెట్టుకోవచ్చు. బాక్సులో ఐపీవీ6 ఆఫ్ చేసి డాకెట్ మూసేస్తామంటే ఒప్పుకోకండి.